ట్యూబులైటు రంగు

శుక్రవారం. ఫర్వానియాలో ఇంకా షట్టర్లు లేవలేదు.
రఫీకుల్ బెల్లు కొట్టి
సంచీ గడప మీద పెట్టి
"రిటర్న్, ఆపా" అన్నాడు
తప్పు తనదైనట్టు.

పోను ఒక దినారు, రాను ఒక దినారు.
సంచీ విప్పకముందే రెండు దినార్లు ఆవిరి.
ఫోన్లో అప్పటికే నక్షత్రం నిలబడి ఉంది,
అయిదింట్లో ఒక్కటే,
దాని కింద లూర్దమ్మ అనే ఆమె రాత:
"ఫొటోలో నెమలికంఠం. చేతికొచ్చింది ముదురు చింతాకు.
మోసం."

ఆ చివరి మాట దగ్గర నా టీ చల్లారింది.

నేను కడప దాన్ని. నోరు ఊరుకోదు.
మొదటి జవాబు ఇట్లా టైపు చేశా:
నీ కళ్ళు చూపించుకో తల్లీ.
చెరిపేశా.
రెండోది: వాడిన గుడ్డ వాపసు తీసుకోము, రూలు నంబరు నాలుగు.
అదీ పంపలేదు.
ఆ రూలు రాసింది నేనే, ఒక రాత్రి,
ఇంకెవరి మీదో కోపంతో.

అప్పుడు గౌను తిరగేసి చూశా.
బుఖూర్ పొగ వాసన, పెద్దింటిది.
చెమట మరక లేదు.
అంచు మాత్రం రెండంగుళాలు మడిచి
చేత్తో కుట్టి ఉంది,
చీమల బారు లాంటి కుట్లు, ఒక్కటీ వంకర పోలేదు.
మళ్ళీ వాటినే సగం దూరం విప్పి
విసుగొచ్చి వదిలేసినట్టుంది.

పొట్టి మనిషై ఉంటుంది.
ఆ ఇంటి పిల్లలు పడుకున్నాక
బియ్యం మూటల గదిలో కూర్చుని కుట్టుకుని ఉంటుంది.
నచ్చనిదాన్ని ఎవరూ అంత సన్నగా కుట్టుకోరు.

కింది అంతస్తు చాంద్‌బాషా వేళ్ళతో నలిపి చూసి
"సరుకు నిఖార్సు. గట్టిగా మాట్లాడు" అన్నాడు.

సాయంత్రం ఉతుకుదామని వంటింట్లోకి తీసుకుపోయా.
కిటికీ లేని వంటిల్లు.
ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది.
నా చేతుల్లో
ముదురు చింతాకు.

మేడెక్కా.
నీళ్ళ ట్యాంకుల మధ్య, నేను ఫొటోలు తీసే చోట,
దుమ్ము వడకట్టిన నాలుగింటి ఎండలో
నెమలికంఠం.
దిగా. చింతాకు.
మూడుసార్లు ఎక్కి దిగా,
మోకాళ్ళు కూడా నమ్మేదాకా.

ఎండ అబద్ధం చెప్పలేదు.
కానీ ఈ ఊళ్ళో నా గిరాకీలు
ఎండలో బట్టలు కట్టుకోరు.
బేస్‌మెంటు ఇస్త్రీ గదిలో,
లిఫ్టు అద్దంలో, క్షణం సేపు,
వీడియో కాల్ కోసం గడియ పెట్టుకున్న బాత్రూము దీపం కింద
తమను తాము చూసుకుంటారు.
వాకిట్లో అంత ఎండ ఉంది,
వాళ్ళ వాటాకి రాదు.

ఏడున్నర దినార్లు వాపసు పంపా.
"రంగు విషయంలో మీరన్నదే నిజం.
గౌను మీ పొడుగుకే ఉంది, కావాలంటే సగం ధర" అని రాశా.
ఆమె చూసింది. జవాబు ఇవ్వలేదు.
నక్షత్రం ఒక్కటే ఉంది, మార్చలేదు.
నేను మార్చమని అడగలేదు.
రెండుసార్లు అడగాలనిపించింది.

తర్వాత ముప్ఫయ్యొక్క జతలూ
వంటింట్లోనే మళ్ళీ ఫొటోలు తీశా,
ఫ్రిజ్ పిడికి తగిలించి.
ఓ మూల గ్యాసు బండ పడింది, పడనీ అనుకున్నా.
మా మరదలు చూసి
"ఏంది వదినా, పీనుగులకు కట్టేవి అమ్ముతున్నావా" అంది.
ఆ నెల నలభై పోయేచోట పంతొమ్మిది పోయాయి.
అద్దెకి చెవికమ్మలు కుదువ పెట్టా,
అది వేరే కథ.

మొన్న మంగఫ్ నుంచి ఎవరో
మూడు నక్షత్రాలిచ్చారు.
"ఫొటోలో ఉన్నట్టే ఉంది."
అంతే, ముందూ వెనకా ఇంకేం లేదు.

లూర్దమ్మ గౌను తలుపు వెనక వంకీకి ఉంది,
మిగిలిన సగం కుట్టు నేను విప్పలేదు.

ఫోను పట్టుకుని మెట్లు దిగి
చాంద్‌బాషాకి చదివి వినిపించా, రెండుసార్లు.
అతను దారం కొరికి, సూదికెక్కించి, అడిగాడు:
"మరి తక్కిన రెండూ ఎందుకియ్యలేదంట?"